పిస్టన్ కాలిపోయింది సరే, ఎందుకు కాలింది? ఒక చైన్‌సా ఇంజను డైరీ

మొదటి రోజు

దుంగ సగం తెగింది. పూర్తి వేగంతో తిరుగుతున్న చైన్‌సా ఒక్కసారిగా కీచుమని, ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. చల్లారనిచ్చి మళ్లీ లాగాను. ఈసారి వచ్చింది గాని, లాగేటప్పుడు మధ్యలో చేతికి తగలాల్సిన ఎదురు బలం లేదు. బావిలో ఖాళీ చేద లాగినట్టు ఉంది. స్పార్క్ ప్లగ్గు మారిస్తే పోయే జబ్బు కాదని అప్పుడే అర్థమైంది.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాక ముందు పానా పట్టుకోలేదు, పెన్ను పట్టుకున్నాను. ఆగిపోవడానికి ముందు వారం రోజులుగా ఈ యంత్రం ఎలా ప్రవర్తించిందో గుర్తున్నంతవరకు రాశాను. ఐడిల్, అంటే థ్రాటిల్ నొక్కనప్పటి వేగం, నిలకడగా ఉండేది కాదు, తనంతట తానే పెరిగి తగ్గేది. థ్రాటిల్ వదిలాక వేగం వెంటనే పడిపోకుండా కాసేపు అలాగే ఉండి, తర్వాత దిగేది. రంపాన్ని పక్కకు వంచితే ఇంజను శబ్దం మారేది. అప్పుడు నేను ఐడిల్ స్క్రూను కాస్త వదులు చేసి పని కొనసాగించాను. అలా చేయకుండా ఉండాల్సింది. ఆ మూడు గుర్తులూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి: ఎక్కడినుంచో ఇంజనులోకి అదనపు గాలి చొరబడుతోంది. అయితే అనుమానాన్ని అనుమానంగానే ఉంచుతున్నాను, తేల్చాల్సింది పరీక్షలు.

రెండో రోజు

ప్లగ్గు తీశాను. కొన మీద లేత బూడిద రంగు, అక్కడక్కడా వెండిలా మెరిసే చిన్న చుక్కలు. ఆ చుక్కలు అల్యూమినియం. పిస్టన్ నుంచి ఊడి వచ్చినవే.

కంప్రెషన్ గేజి బిగించి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఇక పెరగదనే వరకు తాడు లాగాను. 75 పీఎస్‌ఐ దగ్గర ఆగింది. ఈ 50 సీసీ ఇంజను ఆరోగ్యంగా ఉంటే 150 చుట్టుపక్కల చూపించాలి. 100 కంటే తక్కువైతే మొదలవడమే కష్టం. గేజి విషయంలో ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. కార్లకు వాడే గేజిలో గాలిని వెనక్కి రానివ్వని వాల్వు గొట్టానికి పైచివర ఉంటే, గొట్టంలోని ఖాళీ కూడా సిలిండర్‌తో కలిసిపోతుంది. ఇంత చిన్న ఇంజనులో ఆ ఖాళీయే పెద్ద వాటా, కాబట్టి అంకె తక్కువగా వస్తుంది. వాల్వు ప్లగ్గు రంధ్రంలో దిగే కొనలోనే ఉన్న గేజి వాడాలి. నాది అలాంటిదే, అందుకే 75ను నమ్మాను.

తర్వాత సైలెన్సర్ బోల్టులు విప్పి ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేసి చూశాను. పిస్టన్ గోడ మీద పైనుంచి కిందికి దట్టంగా గీతలు. లోహం కరిగి పూసినట్టు రింగు మీదికి పాకి, రింగును దాని గాడిలోనే ఇరికించేసింది. కార్బురేటర్ తీసి రెండో వైపు నుంచి చూస్తే అక్కడ పిస్టన్ శుభ్రంగా ఉంది. తయారీలో పడిన సన్నని అడ్డగీతలు కూడా చెరగలేదు.

ఈ తేడా చాలా విలువైన సాక్ష్యం. ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వచ్చి ఉంటే కార్బురేటర్ వైపు అరిగేది. పెట్రోల్‌లో ఆయిల్ కలపడం మరిచిపోయి ఉంటే గీతలు చుట్టూరా పడేవి. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే కాలిందంటే ఇంజను పలచని మిశ్రమంతో, మితిమీరిన వేడితో తిరిగిందని అర్థం. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే. గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే వేడి పెరగడమే కాదు, ఆ వేడిలో పిస్టన్‌ను కాపాడాల్సిన ఆయిల్ కూడా అదే సమయంలో తగ్గిపోతుంది. అన్నిటికంటే వేడెక్కే చోటు ఎగ్జాస్ట్ వైపే కాబట్టి దెబ్బ ముందు అక్కడే పడుతుంది.

అయినా ట్యాంకులోని మిశ్రమాన్ని పరీక్షించాను. నేను కలిపేది లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనిస్తే పెట్రోల్ ఎగిరిపోయి ఆయిల్ మరక మిగిలింది. పారదర్శకమైన సీసాలో పోసి ఒక రాత్రి ఉంచాను. అడుగున నీటి పొర ఏమీ ఏర్పడలేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుని నిల్వలో విడిపోతుంది కాబట్టి ఆ అనుమానం కూడా తీర్చుకోవాల్సి వచ్చింది. ఇంధనం తప్పేమీ లేదు.

మూడో రోజు

ఈ డైరీలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే.

పిస్టన్ పోయిందని తెలిసింది కాబట్టి వెంటనే సిలిండర్ ఊడదీయాలని చేతులు దురద పెడతాయి. ఊడదీస్తే గాస్కెట్లు చెదిరిపోతాయి, గాలి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ఆధారం చెరిగిపోతుంది. కొత్త పిస్టన్ వేసి, పాత రంధ్రాన్ని అలాగే వదిలేస్తే ఆ పిస్టన్ కూడా కాలుతుంది. అందుకే ఇంజను మొత్తం కలిసి ఉండగానే ప్రెషర్ పరీక్ష చేయాలి.

సైకిల్ ట్యూబు నుంచి రెండు ముక్కలు కత్తిరించాను. ఒకటి ఎగ్జాస్ట్ పోర్టుకు అడ్డంగా పెట్టి సైలెన్సర్ బిగించాను. రెండోది కార్బురేటర్‌కూ, దాన్ని సిలిండర్‌కు కలిపే రబ్బరు గొట్టానికీ (బూటు) మధ్య పెట్టాను. ప్లగ్గు తన చోట తాను ఉంది. క్రాంక్‌కేసులో (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది) ఒత్తిడి మార్పును కార్బురేటర్‌లోని పంపుకు చేరవేసే ఇంపల్స్ గొట్టానికి చేతి పంపు తగిలించాను. గాలి పోవడానికి ఇక దారి లేదు, ఉంటే అది ఉండకూడని దారి.

0.5 బార్ వరకు ఎక్కించి చూస్తూ కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. నిమిషం గడిచినా కదల్లేదు. సిలిండర్ అడుగు గాస్కెట్, బూటు, క్రాంక్ షాఫ్టు బయటికి వచ్చే చోట ఉండే రబ్బరు సీళ్ల దగ్గర సబ్బు నీళ్లు రాస్తే ఒక్క బుడగ రాలేదు.

నిజం చెప్పాలంటే నిరాశ కలిగింది. నా అనుమానం తప్పేమో, కార్బురేటర్‌లోనే లోపం ఉందేమో అనిపించింది. ఇక్కడ ఆగి ఉంటే రెండో పిస్టన్‌నూ కాల్చేవాణ్ణి.

పంపును తిప్పి వాక్యూమ్ వైపు పెట్టాను. మైనస్ 0.5 బార్‌కు తెచ్చి వదిలాను. ముల్లు మెల్లగా సున్నా వైపు జారింది. ఫ్లైవీలును చేత్తో పావు చుట్టు తిప్పితే ఇంకా వేగంగా జారింది.

కారణం ఆయిల్ సీలు నిర్మాణంలో ఉంది. సీలు పెదవి క్రాంక్‌కేసు లోపలి వైపుకు తిరిగి ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడే పెదవిని షాఫ్టుకు గట్టిగా అదుముతుంది, కాబట్టి గట్టిపడిపోయిన ముసలి సీలు కూడా ప్రెషర్ పరీక్షలో నెగ్గుతుంది. లోపల వాక్యూమ్ ఏర్పడితే పెదవి షాఫ్టును వదులుతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ క్రాంక్‌కేసులో జరిగేది ఇదే. కార్బురేటర్‌ను తప్పించుకుని, పెట్రోల్ లేని ఉత్త గాలి ఆ సందులోంచి లోపలికి వస్తుంది.

ఏ వైపు సీలు? స్టార్టర్ మూత తీసి, ఫ్లైవీలు వెనుక షాఫ్టు చుట్టూ సన్నని సిరంజితో మూడు చుక్కల ఆయిల్ వేశాను. జారుతున్న ముల్లు టక్కున నిలిచింది. ఓ పది క్షణాల తర్వాత ఆయిల్ లోపలికి పీల్చుకుపోయింది, ముల్లు మళ్లీ జారడం మొదలుపెట్టింది. రెండోసారి వేశాను. మళ్లీ నిలిచింది. క్లచ్ వైపు ఇలాగే చేస్తే ఏ మార్పూ లేదు.

దొరికింది. ఆ ముల్లు ఆగిన క్షణం ఇచ్చిన సంతోషం ఇన్ని రోజుల అలసటనూ మరిపించింది.

నాలుగో రోజు

ఇక విప్పడం. ఫ్లైవీలు నట్టు వదులు చేయాలంటే క్రాంక్ తిరగకుండా ఆపాలి. ప్లగ్గు రంధ్రంలోంచి ముడులు వేసిన తాడు లోపలికి దూర్చి పిస్టన్‌కు అడ్డం పెట్టాను. పిస్టన్ ఎగ్జాస్ట్ పోర్టును దాటి పైకి వెళ్లి, పోర్టును మూసేసిన తర్వాతే తాడు దూర్చాలి. లేకపోతే తాడు పోర్టులో నలిగి అంచు విరుగుతుంది. క్లచ్ ఎడమ మర, అంటే మామూలుగా బిగించే దిక్కుకు తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక బలం పెట్టి మరలు పాడుచేసుకున్నవారు చాలామంది ఉంటారు.

సిలిండర్ నాలుగు స్క్రూలు తీసి పైకి లాగాను. పిస్టన్ చేతిలోకి వచ్చింది. ఒక వైపు అద్దంలా, మరో వైపు దున్నిన పొలంలా ఉంది.

క్రాంక్‌కేసు నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కాకే సర్‌క్లిప్‌ల (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే క్లిప్పులు) జోలికి వెళ్లాను. తర్వాత కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూశాను. ఆ దిశలో ఏమాత్రం ఆట, అంటే వదులు, ఉండకూడదు, లేదు కూడా. పక్కలకు కొద్దిగా కదలడం సహజం. క్రాంక్ కొనలను పట్టుకుని పైకీ కిందికీ ఊపితే బేరింగుల్లో కూడా ఆట లేదు. అంటే సీలు చెడింది వయసు వల్లే, బేరింగు అరిగి షాఫ్టు ఊగడం వల్ల కాదు. ఆట ఉండి ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవవు, కేసు మొత్తం చీల్చాల్సి వచ్చేది.

కేసులో అల్యూమినియం పొడి ఉండవచ్చు కాబట్టి కొద్దిగా ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి, క్రాంక్ తిప్పి, బోర్లించాను. తెల్ల గుడ్డ మీద వడగట్టి చూస్తూ, మెరుపులు కనిపించనంతవరకు నాలుగుసార్లు చేశాను.

పిస్టన్, రింగు, పిన్ను, సర్‌క్లిప్‌లు, రెండు సీళ్లు, సిలిండర్ గాస్కెట్, కార్బురేటర్ డయాఫ్రమ్ (లోపలి పలచని పొర) కిట్, ఇంధన ఫిల్టరు తెప్పించాలి. క్లచ్ వైపు సీలు బాగానే ఉన్నా, రెండూ ఒకే వయసువి కాబట్టి రెండూ మారుస్తున్నాను.

ఆరో రోజు

విడిభాగాలు వచ్చేలోపు సిలిండర్ పని.

సిలిండర్ గోడ మీద కూడా నల్లటి గీతలు ఉన్నాయి, గోరు తగిలితే ఆగుతోంది. చూడగానే పారేయాలనిపిస్తుంది. అయితే ఇలాంటి సిలిండర్ లోపలి గోడ ఉత్త అల్యూమినియం కాదు. దాని మీద నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ కణాలు కలిపిన గట్టి పూత ఉంటుంది. నికాసిల్ అనే పేరుతో మాలే సంస్థ 1967లో రోటరీ ఇంజనుల కోసం తెచ్చిన పద్ధతి అది. పిస్టన్ లోహం చాలా మెత్తన, పూత చాలా గట్టిది. కాబట్టి గోడ మీద కనిపించే గీతల్లో ఎక్కువ భాగం గోడకు పడిన గాట్లు కావు, పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియం. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ పూత జోలికి దాదాపు పోదు.

ఈ పని ఆరుబయటే చేయాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. యాసిడ్ అల్యూమినియాన్ని తినేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. ఆవిరికి ఇనుప పనిముట్లు రాత్రికి రాత్రే తుప్పు పడతాయి, అందుకని బల్లకు దూరంగా వెళ్లాను.

దూది పుల్లను యాసిడ్‌లో ముంచి, గీత మీద మాత్రమే అద్దాను. చిటచిటమంటూ నురగ వచ్చింది, నల్లటి మురికి కారింది. నీళ్లతో కడిగి, తుడిచి, మళ్లీ అద్దాను. పోర్టుల అంచుల దగ్గర చాలా నెమ్మదిగా వెళ్లాను. అక్కడ పూత అంతమై అసలు అల్యూమినియం బయటపడి ఉంటుంది, యాసిడ్ దాన్నీ తింటుంది. ఏడెనిమిది సార్లు అయ్యాక నురగ రావడం ఆగిపోయింది. తినడానికి ఇక అల్యూమినియం లేదన్నమాట. నురగ ఆగకుండా ఒకే చోట గుంట పడుతూ ఉంటే పూత పోయిందని అర్థం, అప్పుడు సిలిండర్ మార్చక తప్పదు.

వంటసోడా కలిపిన నీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, సన్నని రాపిడి కాగితంతో అడ్డదిడ్డంగా తేలికగా రుద్దాను. టార్చి వెలుగులో తయారీనాటి ఏటవాలు గీతలు మళ్లీ తేలాయి. గోరు పైనుంచి కిందివరకు ఎక్కడా ఆగకుండా జారింది. ఇది నిజంగా అందమైన దృశ్యం. వేలితో మళ్లీ మళ్లీ తడిమి చూశాను.

పదకొండో రోజు

భాగాలు వచ్చాయి.

ముందు సీళ్లు. పాతదాని లోతు కొలిచి రాసుకున్నాను. కొక్కెంలా వంచిన సూదితో బయటికి లాగాను, సూది మొన షాఫ్టుకు తగలకుండా. ఆ పాత సీలును వేళ్ల మధ్య నొక్కితే రబ్బరులా వంగలేదు, ఎండిన తోలులా గట్టిగా ఉంది. షాఫ్టు మీద సీలు పెదవి ఆనిన చోట గాడి పడలేదని గోరుతో చూసుకుని, కీ గాడి అంచులు కొత్త పెదవిని కోయకుండా షాఫ్టుకు పలచని టేపు చుట్టాను. పెదవికి గ్రీజు రాసి, లోపలి వైపుకు తిప్పి, సరిపడే వ్యాసమున్న సాకెట్‌తో పాత లోతు వరకే నొక్కాను.

కొత్త రింగును పిస్టన్‌కు ఎక్కించే ముందు ఒంటరిగా సిలిండర్‌లోకి దించి, దాని కొనల మధ్య ఖాళీ చూశాను. 0.25 మిల్లీమీటర్లు. ఈ వ్యాసానికి సరిపోతుంది.

పిస్టన్ తల మీది బాణం ఎగ్జాస్ట్ వైపు. సర్‌క్లిప్ తెరిచిన నోరు సరిగ్గా పైకి గాని కిందికి గాని ఉండాలి. పక్కకు ఉంటే పిస్టన్ పైకీ కిందికీ వెళ్లే విసురుకు క్లిప్పు నలిగి గాడిలోంచి ఊడి వస్తుంది. ఊడితే సిలిండర్ మళ్లీ చూడక్కరలేదు. పాత క్లిప్పులు మళ్లీ వాడకూడదు.

గాడి కోసిన చెక్క ముక్కను పిస్టన్ కింద ఆసరాగా పెట్టి, అంతా ఆయిల్ రాసి, రింగు కొనలు గాడిలోని చిన్న పిన్నుకు అటూ ఇటూ ఉన్నాయో లేదో చూసి, రింగును వేళ్లతో అదిమి సిలిండర్‌ను దించాను. ఇక్కడ ఒక్కటే నియమం. సిలిండర్‌ను నేరుగా దించాలి, ఏమాత్రం మెలితిప్పకూడదు. మెలితిప్పితే రింగు కొన పోర్టులోకి దూరి విరుగుతుంది. రెండుసార్లు అడ్డం పడితే బలం పెట్టకుండా వెనక్కి తీశాను. మూడోసారి మెత్తగా దిగింది.

స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి మళ్లీ ట్యూబు ముక్కలు, మళ్లీ చేతి పంపు. ప్రెషర్ నిలిచింది. వాక్యూమ్ నిలిచింది. ఫ్లైవీలు వైపు షాఫ్టును చుట్టూరా తిప్పుతూ ఐదు నిమిషాలు చూశాను. ముల్లు అంగుళమైనా కాదు, వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

పన్నెండో రోజు

కార్బురేటర్. పాత డయాఫ్రమ్ కాగితంలా చిటపటమంటోంది, కాబట్టి అది కూడా మిశ్రమం పలచబడటానికి కొంత కారణమై ఉండవచ్చు. కిట్ మొత్తం మార్చాను. మాగ్నెట్‌కూ ఇగ్నిషన్ కాయిల్‌కూ మధ్య 0.3 మిల్లీమీటర్ల ఖాళీ పెట్టాను, విజిటింగ్ కార్డు మందం ఇంచుమించు అంతే. కొత్త ప్లగ్గు ఖాళీ 0.5 మిల్లీమీటర్లు. మిశ్రమాన్ని సరిచేసే ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) స్క్రూలు రెండూ మెత్తగా ఆనేవరకు మూసి, ఒక్కో చుట్టు తెరిచాను.

పదమూడో రోజు

చోక్ లాగి తాడు లాగాను. మొదటి లాగుకే చేతికి ఆ ఎదురు బలం తగిలింది. ఐదోసారికి ఒక్క క్షణం పలికింది. చోక్ తీసి మళ్లీ రెండు లాగులు. మొదలైంది.

కాసేపు పొగ, తయారీ నూనె కాలిన వాసన. వేడెక్కాక ముందు ఎల్ స్క్రూ, తర్వాత ఐడిల్, చివరికి హెచ్. ఈ చివరి స్క్రూతోనే ఇంజనులు బతుకుతాయి, చస్తాయి. భారం లేకుండా పూర్తి థ్రాటిల్ నొక్కినప్పుడు శబ్దం నున్నగా ఈల వేసినట్టు ఉంటే మిశ్రమం పలచన. కొద్దిగా గరగరమంటూ, తడబడినట్టు వినిపించాలి. చెక్కలో దించగానే ఆ గరగర పోయి గొంతు శుభ్రపడాలి. ఆ శబ్దం దొరికేవరకు తెరిచి, టాకోమీటర్ చూస్తే నిమిషానికి 12,800 చుట్లు. ఈ యంత్రానికి తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పరిమితి 13,500. ఆ 700 తేడాను కావాలనే వదిలాను.

సగం తెగి ఆగిన ఆ దుంగనే మొదటి భారంగా ఇచ్చాను. భారం లేకుండా ఎక్కువసేపు పూర్తి వేగంతో తిప్పకుండా, కోస్తూ, ఆపుతూ, ఊపిరి తీసుకోనిస్తూ.

పద్దెనిమిదో రోజు

మూడు ట్యాంకులు ఖాళీ అయ్యాయి. కంప్రెషన్ 155. సైలెన్సర్, సిలిండర్ స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించి చూశాను, రెండు సైలెన్సర్ బోల్టులు కొంచెం వదులయ్యాయి. సైలెన్సర్ తీసినప్పుడే పోర్టులోంచి టార్చి వేశాను. పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు తయారీనాటి సన్నని అడ్డగీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రింగు చుట్టూ సమానంగా మెరుస్తోంది.

అన్నీ బిగించి మొదలుపెట్టి, ఐడిల్‌లో వదిలి, రంపాన్ని ఎడమకు వంచాను, కుడికి వంచాను, ముక్కు కిందికి దించాను. శబ్దం మారలేదు.